వణకని కాగితం

మొగుళ్లలో చాలా రకాలుంటారు. తడి తువ్వాలు మంచం మీద పారేసేవాళ్లు, చదివిన పేపరు మడత పెట్టనివాళ్లు, గురకతో గోడల సున్నం రాల్చేవాళ్లు. అలాంటి మామూలు మొగుడు దొరికి ఉంటే సూది అదృష్టవంతురాలే. ఆమెకు దొరికినవాడు ఇంట్లో ప్రతి తలుపు చట్రానికీ ఒక టిష్యూ కాగితం చీలిక అంటిస్తాడు. జానెడు పొడుగు, వేలెడు వెడల్పు. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో తెలియడానికట. పొయ్యి మీద నూనె మాడి ఇల్లంతా పొగ కమ్మితే లోకంలో ఎవరైనా ముందు కిటికీ తెరుస్తారు. ఈయన కాగితం కేసి చూస్తాడు. వంటింటి గాలి హాల్లోకి వస్తోందని, అలా రాకూడదని, గాలి ఎప్పుడూ శుభ్రమైన చోటి నుంచి మురికి చోటికే పోవాలని దగ్గుతూ పాఠం చెబుతాడు. ఆ తర్వాత కిటికీ ఆమే తెరుస్తుంది.

కాగితాలనైనా భరించవచ్చు. తన తమ్ముడి మీద ఆయనకున్న అభిప్రాయాన్ని భరించడమే ఆమె వల్ల కాలేదు. బావా బావమరుదులిద్దరికీ ఊరి చివర న్యూట్రాన్ సోర్స్ కేంద్రంలోనే ఉద్యోగం. ఆయన అక్కడ గాలీ గ్యాసూ చూసే ఇంజనీరు. తమ్ముడు యంత్రపు చేతులు నడిపే ఆపరేటరు. ఆ ఉద్యోగం ఇప్పించమని పట్టుబట్టింది ఆమే. మీ తమ్ముడికి తొందరెక్కువ, తప్పు చేస్తే ఒప్పుకోడు, పక్కవాడి మీదకు తోస్తాడు అని ఇంజనీరు మొదటి అభియోగం. కారు అడిగి పట్టుకెళ్లి పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి తెచ్చిస్తాడన్నది రెండోది. తల్లి పోయాక తన చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచిన తమ్ముడు వాడు. వాడిని ఎవరైనా ఒక్క మాటంటే ఆమె ఒంటి మీద తేళ్లు పాకేవి. ఆ ప్రస్తావన వచ్చిన రోజు ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడుకునేవారు కారు.

ఇంజనీరుకు తెలియని సంగతి ఒకటుంది. భార్య ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరని, ప్రమాదాలు జరిగిన చోటికి వెళ్లి చూసి వస్తుందని ఆయన నమ్మకం. అందులో సగం నిజమే. ప్రమాదాలు జరిగే చోటే ఆమె ఉద్యోగం. కాకపోతే వాటిలో కొన్నింటిని ఆమే జరిపిస్తుంది. గూఢచారి శాఖలో ఆమె పేరు సూది.

ఆ ఉదయం ఇంజనీరు చొక్కా ఉతకడానికి వేయబోతూ ఆమె జేబు తడిమింది. కాగితం చీలిక. అందులో వింత లేదు. కానీ ఇది గంజి పెట్టి ఆరేసిన గుడ్డలా బిరుసుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. సెంటు వాసన. మగవాళ్లు పూసుకునేది కాదు, ఆమె ఎప్పుడూ కొనుక్కోలేనిది.

భార్య అయితే అక్కడికక్కడే నిలదీయాలి. గూఢచారి అయితే నోరు మూసుకుని గమనించాలి. ఆమె రెండూ కనుక, నోరు మూసుకుని పళ్లు నూరింది. కాగితాన్ని తన పర్సులో దాచింది.

అదే ఉదయం ఊళ్లో ఇంకో చోట ఒక మనిషి పన్ను పీకించుకోడానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతను న్యూట్రాన్ సోర్స్‌లో పొగగొట్టం మీటరు చూసే టెక్నీషియన్. పళ్ల డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. లోపలికి వచ్చినవాడికి మాస్కు ఉంది, తెల్ల కోటు ఉంది, చేతిలో సిరంజి ఉంది. అసలు డాక్టరు మాత్రం పక్కగదిలో నోట్లో దూది కుక్కించుకుని నేల మీద ఉన్నాడు. సిరంజి చిగుళ్లలోకి దిగకుండా మెడలోకి దిగింది. టెక్నీషియన్ ఊరికే పోలేదు. ట్రే తన్నేశాడు. అందిన బొటనవేలిని ఎముక దాకా కొరికాడు. ఆ పన్ను అంత నొప్పితో ఎలా కొరికిందో గానీ, వేలు వదిలించుకోడానికి హంతకుడు అతని తలను పింగాణీ తొట్టికేసి మూడుసార్లు బాదాల్సి వచ్చింది. తొట్టి పగిలింది. డ్రిల్లు మాత్రం ఎవరూ ఆపక, మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉంది.

* * *

ఊరి మధ్యలో ఉన్న డ్రైక్లీనింగ్ షాపుకు వెళ్లి, కౌంటరు దగ్గర కోటు మీద సిరా మరక పడిందని చెప్పింది సూది. నిమ్మకాయతో పోయే మరకా అని కౌంటరు మనిషి అడిగాడు. నిమ్మకాయకు లొంగే రకం కాదంది. అతను ఉతికిన కోట్ల వరస పక్కకు జరిపాడు. వెనక గదిలో పెద్దాయన ఇస్త్రీ చేస్తున్నాడు. శాఖకు అధిపతి. ఆలోచించాలంటే ఆయన చేతికి ఇస్త్రీపెట్టె ఉండాలి. ఆ రోజు అప్పటికే పది చొక్కాలు మడతపెట్టి ఉన్నాయంటే వ్యవహారం పెద్దదే.

ఆయన చెప్పిన వివరం ఇది. చచ్చిపోయిన టెక్నీషియన్ నిన్న శాఖకు ఫోన్ చేశాడు. టార్గెట్ మార్చే పనికి రిహార్సల్ జరిగినప్పుడు పొగగొట్టం మీటరు మరీ మౌనంగా ఉందన్నాడు. కాస్తో కూస్తో గ్యాసు అటు రావాలి. రాలేదు. మరి ఎటు పోయింది? లోపలి మనిషి ఒకడు విదేశీ ముఠాతో కలిశాడని తన అనుమానమనీ, మిగతాది ఎదురుగా చెబుతాననీ అన్నాడు.

టార్గెట్ సంగతి సూదికి విడమర్చి చెప్పక్కర్లేదు. పెళ్లయినప్పటి నుంచి భోజనాల దగ్గర విని విని కంఠతా వచ్చింది. ఉక్కు పాత్రలో పాదరసం తిరుగుతుంటుంది. దాని మీదకు ప్రోటాన్లను తుపాకీ గుళ్లలా కొడతారు. న్యూట్రాన్లు చిందుతాయి, శాస్త్రవేత్తలు వాటిని పట్టుకుని సంబరపడతారు. వాటితో పాటు అడక్కుండా పుట్టుకొచ్చే సంతానం రేడియోధార్మిక గ్యాసులు. జెనాన్, క్రిప్టాన్, ట్రిటియం. దెబ్బలు తిని తిని పాత్ర అరిగిపోతుంది, అప్పుడప్పుడూ మార్చాలి. మార్చే ముందు లోపలున్న గ్యాసునంతా హీలియంతో ఊడ్చి, బంగారం పూసిన వల మీదుగా పంపి పాదరసం ఆవిరి పట్టేసి, మంచుకన్నా చల్లగా ఉంచిన బొగ్గులోకి తోలాలి. బొగ్గు ఒక జైలు. గ్యాసు అందులో తన వేడి చచ్చేదాకా శిక్ష అనుభవించి, బుద్ధిగా పొగగొట్టం గుండా విడుదలవుతుంది. ఊడవకుండా మూత తీశారా, ఖైదీలంతా ఒక్కసారే రోడ్డున పడ్డట్టు.

"ఈ రోజే మూత తీస్తున్నారు" అన్నాడు పెద్దాయన. "చూడ్డానికి నాలుగు దేశాల సైంటిస్టులొచ్చారు. పని చేసేవాళ్లతో కలిపి గ్యాలరీ నిండా జనం. వాళ్లందరి ఊపిరితిత్తుల్లోకీ ఆ గ్యాసు పోతే ఈ సోర్స్ మళ్లీ తెరుచుకోదు. సరిహద్దు అవతల కొత్తది కడుతున్నారు. పక్క దుకాణం మూతపడితేనే వాళ్లకు బేరం."

తర్వాత ఒక ఫోటో ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. కారులోంచి ఒక స్త్రీ దిగుతోంది. పొడుగు కాళ్లు, ఎర్రని పెదాలు, తుఫాను వచ్చినా వెంట్రుక కదలదన్నట్టున్న జుట్టు. శాఖలో ఆమె పేరు నెమలి. గ్యాసును పట్టే బొగ్గు బెడ్లు అమ్మే విదేశీ కంపెనీ ప్రతినిధిగా తిరుగుతూ శాఖ దగ్గర జీతం తీసుకుంటుంది. ఆ ముఠా దగ్గరా తీసుకుంటుంది. ఎవరికి ఎక్కువ పని చేస్తుందో బహుశా ఆమెకూ తెలియదు. కారు నడిపినవాడి ముఖం ఫోటోలో పడలేదు. కారు నంబరు పడింది.

అది సూది ఇంటి కారు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు పెద్దాయన, ఆమె కేసి చూడకుండా. "ఈశ్వరుడికి కుదరకపోతే మనం పట్టాలి కదమ్మా. కావాలంటే వేరేవాళ్లను పంపిస్తాను."

పర్సులో ఉన్న బిరుసు కాగితం ఆమె ఒళ్లంతా గుచ్చుకున్నట్టయింది.

"వద్దండీ. మా ఆయన్ని కాల్చాల్సి వస్తే నేనే కాలుస్తాను. వేరేవాళ్లు గురి తప్పితే సగం చచ్చి ఇంటికొస్తాడు. వచ్చి, తూటా గాలిలో ఎటు వంగిందో పాఠం చెబుతాడు."

పెద్దాయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వడానికి అనలేదు.

* * *

తెల్ల ఓవరాలు, తలమీద ముసుగు, ముక్కు దాకా గుడ్డ మాస్కు, చేతిలో నేల తుడిచే కర్ర, చక్రాల బకెట్టు. ఊడ్చేవాళ్ల ముఖం ఎవరూ చూడరు. లోకంలో ఇంతకన్నా మంచి మారువేషం ఇంకా కనిపెట్టలేదు. బకెట్టు అడుగున మెటల్ డిటెక్టరుకు దొరకని పింగాణీ పిస్తోలు. జేబుకు రేడియేషన్ కొలిచే పెన్ను. క్యాప్ తిప్పితే అందులోంచి విషం పూసిన ముల్లు దూసుకెళుతుంది. ఒక్కటే ముల్లు.

అది బట్టలు మార్చుకునే గదిలోనే ఖర్చయిపోయింది.

అక్కడ విజిటరు బ్యాడ్జీతో ఒక పొడుగాటివాడు లాకర్లకు ఆనుకుని ఉన్నాడు. కుడి బొటనవేలికి పెద్ద కట్టు. కట్టు మీద రక్తం ఇంకా తడిగానే ఉంది. సూది అటు చూసింది. ఆమె చూడడం వాడు చూశాడు. అంతే. వాడు గోడకున్న గాలి గొట్టం లాగి ఆమె మెడకు చుట్టాడు. ఆమె కాళ్లు నేల మీద నుంచి లేచాయి. కళ్ల ముందు ఎర్ర చుక్కలు. తుడిచే కర్రను వెనక్కి తిప్పి మోకాలి చిప్ప మీద పొడిచింది. చిప్ప పక్కకు జరిగిన సంగతి కర్ర పట్టుకున్న చేతులకు తెలిసింది. వాడు వంగగానే కట్టున్న వేలిని పట్టుకుని, చచ్చిపోయిన టెక్నీషియన్ సగంలో వదిలేసిన పని పూర్తి చేసింది. వాడు అరవడానికి నోరు తెరిచేలోపు లాకరు తలుపు వాడి ముఖం మీద పడింది. మళ్లీ పడింది. అయినా లేచాడు. చేతిలో కత్తి. అది ఆమె భుజాన్ని ఓవరాలుతో సహా చీరేసింది. అప్పుడు పెన్ను తిప్పింది. ముల్లు కంటి కింద దిగింది. వాడు లాకర్లకు వీపు రాస్తూ మెల్లగా కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు.

లోపలి మనిషి ఎవరని అడగడానికి ఇక లాభం లేదు. వాడిని కాళ్లు మడిచి లాకరులో కుక్కి, చిరిగిన దాని మీద ఇంకో ఓవరాలు తొడుక్కుని, నేల తుడిచింది. వేషం వేశాక పని కూడా చేయాలి కదా.

చేతులు కడుక్కుందామని పక్క వాష్‌రూంలోకి వెళితే అద్దం ముందు నెమలి ఉంది. అందరికీ ఇచ్చిన తెల్ల ఓవరాలే ఆమె మీద ఎవరో కొలతలు తీసి కుట్టినట్టుంది. చిన్న డబ్బాతో జుట్టు మీద స్ప్రే కొట్టుకుంటోంది. గదినిండా సెంటు వాసన. పొద్దున చొక్కా జేబులోంచి వచ్చిన వాసనే.

"ఈ రంగు మీకు నప్పింది" అంది సూది, సంకేత వాక్యం. పళ్ల బిగువున.

"అందరూ అదే అంటారు." నెమలి డబ్బా జేబులో పెట్టుకుంది. గొంతు తగ్గించింది. "నువ్వేనా సూది? చెప్పడానికి బాధగా ఉంది. మనిషి మీ ఆయనే. గ్యాలరీలో హాట్ సెల్ తలుపు పక్కన ఎర్ర చక్రం ఉంటుంది. ఆయన దాన్ని తిప్పితే గ్యాసు జనం మీదకొస్తుంది. చెయ్యి చక్రం మీద పడగానే కాల్చు. ఆలస్యం చేయకు."

"మీకెలా తెలుసు?"

నెమలి ఎర్ర పెదాలతో కొంచెం నవ్వింది. "మగవాళ్లు కార్లో చాలా చెబుతారు."

సూది భుజం మీది గాయం ఆ నవ్వంత నొప్పి పెట్టలేదు.

* * *

గ్యాలరీ పొడుగాటి గది. ఒక గోడ పొడవునా మీటరు మందం ఉన్న సీసపు గాజు కిటికీలు. అవతల మనుషులు అడుగుపెట్టకూడని హాట్ సెల్. అందులో పాత టార్గెట్ పాత్ర పసుపు వెలుతురులో పడుకుని ఉంది. కిటికీ ముందు తమ్ముడు నిలబడి రెండు పిడులు పట్టుకున్నాడు. ఇతను ఇక్కడ మణికట్టు తిప్పితే అక్కడ ఉక్కు పంజా తిరుగుతుంది. ఒక్కో బోల్టూ విప్పుతున్నాడు. వెనక జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నున్నగా దువ్విన క్రాపు, ఏకాగ్రత. ఎంత పనిమంతుడయ్యాడో అని అక్క గుండె ఒక్క క్షణం పొంగింది.

హాట్ సెల్‌లో గాలి ఒత్తిడి గ్యాలరీ కన్నా తక్కువ ఉంచుతారు. చిల్లుంటే గాలి లోపలికే పోవాలి, లోపలిది బయటికి రాకూడదు. గోడ మీద మీటరు అంతా సవ్యంగా ఉందంటోంది. గ్యాసు ఊడ్చడం పూర్తయిందని పచ్చ దీపం. తలుపు చట్రానికి ఎప్పటిలాగే కాగితం చీలిక. ఆ కేంద్రంలో మీటరు చెప్పినా సరే, కాగితం చూడకుండా ఎవరూ పని మొదలుపెట్టరు. కాగితం కింది అంచు సెల్ వైపు వంగి ఉంది. సవ్యంగానే ఉంది.

ఇంజనీరు ఆ కాగితం ముందు నిలబడి జేబులు వెతుక్కుంటున్నాడు. పై జేబు, కింది జేబు, మళ్లీ పై జేబు. ముఖం పాలిపోయింది. తుడిచే మనిషి దగ్గరికి రావడం చూసి, "కాస్త అటు తుడవమ్మా, కాగితం కదులుతుంది" అన్నాడు. అని తనే ఆగిపోయాడు. మళ్లీ కాగితం కేసి చూశాడు. తర్వాత ఒక్క ఉదుటున ఎర్ర చక్రం వైపు నడిచాడు.

సూది చెయ్యి బకెట్టులోకి వెళ్లింది. పిస్తోలు తడిగా, చల్లగా అరచేతిలోకి వచ్చింది. జనం వెనక నుంచి నెమలి తల ఊపింది. ఇంజనీరు చక్రం మీద చెయ్యి వేశాడు. ఆమె గురి ఆయన చెవి వెనక. రోజూ తలుపు మూయడం మర్చిపోయి ఆఫీసుకు పోయేటప్పుడు వెనక నుంచి ఆమె చూసే చెవి.

వేలు బిగుస్తుండగా ఆమె కన్ను కాగితం మీద పడింది.

అది కదలడం లేదు.

ఆమె ఇంట్లో ప్రతి తలుపుకూ వేలాడే కాగితాలు ఫ్యాను ఆపినా వణుకుతాయి, పిల్లి నడిచినా వణుకుతాయి. మనిషి దగ్గరికొచ్చి తుమ్మబోయి మానేసినా వణుకుతాయి. ఒక్కటైనా నిలకడగా ఉండగా ఆమె చూడలేదు, వాటంటే ఆమెకు ఒళ్లుమంట అందుకే. ఈ కాగితం సెల్ వైపు వంగింది గానీ, ఫోటోకు నిలబడ్డట్టు వంగింది. బిరుసుగా. గంజి పెట్టినట్టు. నెమలి జుట్టులా.

తుడిచే కర్ర చివర ఊడిన నూలుపోగొకటి గాలిలో లేచి ఉంది. అది సెల్ వైపు పోవడం లేదు. ఆమె ముఖం మీదకు వస్తోంది.

ఒక్కసారిగా అన్నీ తిరగబడ్డాయి. జేబులో కాగితం ప్రేమ కానుక కాదు. ఇంజనీరు ఈ తలుపు మీద నుంచే ఊడదీసి, సాక్ష్యంగా దాచుకున్న దొంగ కాగితం, నెమలి స్ప్రే కొట్టి బిగించినది. మీటరు అబద్ధం, పచ్చ దీపం అబద్ధం. గాలి ఎదురు తిరిగింది. లోపలి గ్యాసు ఎవరూ ఊడవలేదు. మూత ఊడితే అదంతా ఇటే వస్తుంది. ఆయన చక్రం తిప్పుతున్నది గాలిని మళ్లీ దారిలో పెట్టడానికి.

ఆమె గురి తిప్పడం, నెమలి పిస్తోలు తీయడం ఒకేసారి జరిగాయి. రెండు తూటాలు. నెమలిది గురి తప్పి తలుపు దగ్గరి గార్డు గొంతులో దిగింది. సూదిది నెమలి చేతిలోని పిస్తోలును వేళ్లతో సహా ఎగరగొట్టింది. జనం కేకలు పెడుతూ ఒకరిమీద ఒకరు పడి తలుపుల కేసి పరుగెత్తారు. నెమలి కేక పెట్టలేదు. మిగిలిన చేత్తో జుట్టులోంచి పొడవాటి పిన్ను లాగి దూకింది. అది సూది దవడ మీద గీత పెట్టి, భుజం గాయంలోకి దిగి తిరిగింది. ఇద్దరూ సబ్బు నీళ్లలో దొర్లారు. బకెట్టు బోర్లా పడింది, పిస్తోలు జారిపోయింది. నెమలి మీదెక్కి కూర్చుని పిన్ను మళ్లీ ఎత్తింది. సూది ఆమె జేబులో చెయ్యి పెట్టి స్ప్రే డబ్బా లాగి, రెండు కళ్లలోకీ కొట్టింది. అంధురాలైన నెమలి విసురుగా పొడిచింది, పొడుపు తప్పింది, ఆ ఊపులో ముందుకు తూలింది. సూది ఆ మణికట్టును వెనక్కి వంచింది. పిన్ను నెమలి గడ్డం కింద నుంచి పైకి, పిడి దాకా వెళ్లింది. చివరిదాకా ఒక్క వెంట్రుక చెదరలేదు.

సూది పిస్తోలు అందుకుని తిరిగింది. చక్రం దగ్గర ఎవరో వెనక నుంచి ఇంజనీరు మెడకు గొట్టం చుట్టి బిగిస్తున్నారు. ఇంజనీరు నాలుక బయటికొచ్చింది. చేతులు మాత్రం చక్రం వదల్లేదు.

"వదులు" అంది సూది, ముఖం మీది గుడ్డ లాగేసి.

వాడు తల తిప్పాడు. తమ్ముడు.

ఆమెను చూడగానే వాడి కళ్లు గుండ్రమయ్యాయి. తర్వాత నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టినప్పుడు తిరిగినట్టే.

"అక్కా! నువ్వా? మంచి సమయానికొచ్చావు. అంతా బావే చేశాడక్కా. నేను ఆపుతున్నా. నా మాట నమ్ము. చక్రం తిప్పితే అందరం చస్తాం."

ఇంజనీరు ఏదో చెప్పబోయాడు, గొంతు పెగల్లేదు. అయినా ఆయన చెప్పింది ఆమె ఏనాడు విన్నది గనక. ఆమె పిస్తోలు ఇద్దరి మధ్యా ఊగింది. ఒకడు తాను పెంచినవాడు. ఒకడు తాను వేగినవాడు.

అప్పుడు చూసింది. ఇంజనీరు ముఖానికి ఏమీ లేదు. గ్యాలరీలో మిగతా సిబ్బందికీ ఏమీ లేదు, మీటరు సవ్యంగా ఉందంటే ఎవరు పెట్టుకుంటారు? తమ్ముడి మెడలో మాత్రం గాలి సిలిండరు మాస్కు వేలాడుతోంది, పెట్టుకోడానికి సిద్ధంగా. విషం వస్తుందని తెలిసినవాడు ఒక్కడే. ట్యాంకు ఖాళీ చేసి తెచ్చే కారు గుర్తొచ్చింది. పక్కవాడి మీదకు తోస్తాడన్న మాట గుర్తొచ్చింది.

"అక్కా" అన్నాడు వాడు మళ్లీ, ఇంకా తియ్యగా. గొట్టం ఇంకో చుట్టు బిగించాడు.

ఆమె ఆ చేతిని కాల్చింది. అన్నం ముద్దలు అందుకోడానికి చాచిన చెయ్యే అది. మణికట్టు ముక్కలై గోడ మీద చిమ్మింది. వాడు పడి గిలగిలా కొట్టుకున్నాడు. ఇంజనీరు మోకాళ్ల మీద కూలి, దగ్గి, రక్తం ఉమ్మి, మళ్లీ చక్రం పట్టుకున్నాడు.

"మూత" అన్నాడు, గొంతులో గాజు పెంకులున్నట్టు. "చివరి బోల్టు..."

కిటికీ అవతల ఉక్కు పంజా సగం విప్పిన బోల్టు మీద వేలాడుతోంది. మూత ఒక పక్క లేచి వణుకుతోంది. ఆమె జేబులోని పెన్ను కీచుమని మొదలుపెట్టింది, మొదట ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. సూది కిటికీ దగ్గరికి పరుగెత్తి రెండు పిడులూ పట్టుకుంది. జన్మలో ఎప్పుడూ పట్టలేదు. ఆమె ఎడమకు తిప్పితే పంజా ఎడమకు తిరిగి గోడకు కొట్టుకుంది. భుజంలోంచి రక్తం మోచేతి మీదుగా పిడి మీదకు కారి పట్టు జారుతోంది.

"నెమ్మదిగా" అన్నాడు ఇంజనీరు వెనక నుంచి. "ముందు మూత అదిమి, అప్పుడు..."

"కుక్కరు మూత పెట్టడం మీరు నాకు నేర్పకండి."

అదిమింది. తిప్పింది. బోల్టు మొరాయించింది, కొరికింది, బిగిసింది. ఇంకో చుట్టు. ఇంకొకటి. వెనక ఎర్ర చక్రం చివరిదాకా తిరిగి ఆగింది. గోడల్లో ఎక్కడో, గాలిని సెల్‌లోకి లాగే రెండో ఫ్యాను మూలుగుతూ లేచింది.

ఇంజనీరు పాకుతూ తలుపు దగ్గరికెళ్లి దొంగ కాగితం పీకేశాడు. జేబులోంచి కొత్త టిష్యూ తీసి చీల్చి, అంటించడానికి టేపు లేక తన నోటి రక్తంతోనే చట్రానికి అద్దాడు. కాగితం వాళ్ల వైపే ఎగిరింది. పెన్ను కీచుమంటూనే ఉంది. ఇద్దరూ నేల మీద కూలబడి ఆ కాగితాన్నే చూశారు. అది నెమ్మదిగా వాలింది. నిటారుగా వేలాడింది. తర్వాత ఒక్క వణుకు వణికి, సెల్ వైపు తిరిగింది.

పెన్ను నోరు మూసింది.

* * *

బయట ఎండలో అంబులెన్సులు బారులు తీరాయి. డాక్టర్లు అందరికీ యంత్రాలు పెట్టి చూశారు. ఒక్కో ఎక్స్‌రే తీయించుకున్నంత తగిలిందని, ప్రాణభయం లేదని తేల్చారు. పెద్దాయన వచ్చి, లాకరులో ఒకటి, గ్యాలరీలో రెండు శవాలు లెక్క చూసుకుని, కోటు మీద మరకలు చాలానే పడ్డాయే అని మాత్రం గొణిగాడు.

తమ్ముడిని స్ట్రెచరు మీద తీసుకెళుతున్నారు. ఒక చేతికి కట్టు, రెండో చేతికి బేడీ. సూది పక్కనే నడిచింది. వాడి నుదుటి మీద పడిన జుట్టు సర్దింది. ఎందుకురా అని అడిగింది. సరిహద్దు అవతల పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారట. తప్పంతా బావ మీదకు పోయేలా నెమలే ఏర్పాటు చేసిందట, తనకేం తెలియదట.

"అసలు బావ నన్ను సరిగ్గా చూసుంటే ఇదంతా జరిగేదా అక్కా?" అన్నాడు చివరికి. వ్యాను తలుపు మూశారు.

సూది వచ్చి ఇంజనీరు పక్కన అంబులెన్సు మెట్టు మీద కూర్చుంది. ఆయన మెడ చుట్టూ గొట్టం ఆనవాలు నల్లగా కమిలి ఉంది.

"ఇన్సూరెన్సు వాళ్లకు తుపాకులు కూడా ఇస్తారా?" అన్నాడు బొంగురు గొంతుతో.

"క్లెయిములు ఎక్కువైనప్పుడు ఇస్తారండీ."

ఆయన తన సంగతీ చెప్పాడు. రిహార్సల్ రోజునే కాగితం బిరుసుగా ఉందని పట్టుకున్నాడట. ఆ తలుపు దగ్గర ఆ రోజు పని చేసింది బావమరిది ఒక్కడే. సాక్ష్యం లేకుండా నోరెత్తితే ఇంట్లో మళ్లీ గిన్నెలు మాట్లాడతాయని ఊరుకుని, ఈ రోజు అందరి ముందూ బయటపెడదామనుకున్నాడు. తీరా చూస్తే జేబులో కాగితం లేదు.

సూది పర్సులోంచి బిరుసు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీకు ఆ నెమలితో..." అని ఆగింది. "చెవి వెనక గురి కూడా పెట్టాను."

"ఏ చెవి?"

"ఎడమది."

ఆయన ఎడమ చెవి తడిమి చూసుకున్నాడు. ఉంది.

ఆమె నేల కేసి చూసింది.

"మా తమ్ముడి విషయంలో మీరు చెప్పిందే నిజమండీ. వినకపోవడం నాదే తప్పు. ఇంకొంచెం ఉంటే మిమ్మల్ని కూడా చంపేసేదాన్ని. అదీ నా తప్పే."

ఇంజనీరు జేబులోంచి మిగిలిన టిష్యూ తీసి జానెడు చీలిక చింపి, ఆమె పెదాల ముందు పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది?"

ఆ మాటకు కాగితం ఆయన వైపు రెపరెపలాడింది. తృప్తిగా చూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదోయ్. పెళ్లయ్యాక గాలి ఇటు వీయడం ఇదే మొదటిసారి. చెవుల మీటరును నమ్మలేక, చూసుకున్నాను."